తలంటు వద్దన్న రోజు

జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు నా భార్య జుట్టు రాలడం మొదలైంది. అది వైరస్ జ్వరం. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఆమె పనిచేసే ఆసుపత్రి వార్డులో చాలామందికి వచ్చిందే. జ్వరం పోయాక ఇది మిగిలింది. దిండు మీద, కోటు కాలరు మీద, షవర్ జాలీలో, ఎక్కడ చూసినా వెంట్రుకలే. జాలీ శుభ్రం చేయడం నా పని. ఆమె స్నానం చేసి రాగానే లోపలికి వెళ్ళి, వెంట్రుకలు తీసి, టిష్యూలో చుట్టి, వంటింటి బిన్‌లో అడుగున పెట్టేవాడిని. పైన ఉంటే అత్తయ్య చూస్తారు.

కూతురి జ్వరం సంగతి విని అత్తయ్య ఒంగోలు నుంచి వచ్చారు. వీసా చేతికొచ్చి, ఆవిడ వచ్చేసరికి జ్వరం లేదు గానీ, కూతురు ఇంట్లో కూడా ఊలు టోపీ పెట్టుకుని తిరుగుతోంది. చలి అని చెప్పింది. నేను హీటింగ్ పెంచాను. పెంచితే ఆ అబద్ధం నిలవదని గుర్తొచ్చి మళ్ళీ తగ్గించాను.

ఇక్కడ జీపీ అని పిలిచే మా మామూలు డాక్టరు రక్తపరీక్షలు చేయించింది. ఐరన్, థైరాయిడ్, అన్నీ సరిగానే ఉన్నాయి. జ్వరం దెబ్బకు కుదుళ్ళు చాలావరకు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళాయని, సాధారణంగా వాటంతట అవే కోలుకుంటాయని, ఓపిక పట్టమని చెప్పింది. నేను సాఫ్ట్‌వేర్‌లో లోపాలు పట్టే ఉద్యోగం చేస్తాను. ఓపిక పట్టడం నాకు పరిష్కారంలా కనిపించదు. వారం వారం అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఆమె పాపిట ఫోటో తీసేవాడిని. పాపిట వెడల్పవుతోందని ఫోటోలు చెప్పాయి. ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

చివరికి ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్ళాం. చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, పైకి తేలిన లేత పసుపు ద్రవాన్ని సూదితో తల మీద అక్కడక్కడా ఎక్కిస్తారు. సొంత రక్తంతోనే కుదుళ్ళను నిద్రలేపడమన్నమాట. కచ్చితంగా వస్తుందా అని అడిగాను. కొందరికి బాగానే పనిచేస్తుందన్నాడు డాక్టరు. నా భార్య నా వేళ్ళు నలిగిపోయేలా పట్టుకుంది గానీ ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. ఇంటికి పంపేటప్పుడు నర్సు మూడు సంగతులు చెప్పింది. సోమవారం దాకా తల తడపొద్దు, రుద్దొద్దు, నూనె అసలే వద్దు.

అది శనివారం. మర్నాడు ఉగాది అని మా ఇద్దరికీ తట్టలేదు.

తెల్లవారి లేచేసరికి ఇల్లంతా వెచ్చబెట్టిన నువ్వుల నూనె వాసన. అత్తయ్య హాల్లో కురచ స్టూలు వేసి, గిన్నె పట్టుకుని నిలబడ్డారు.

“రావే, ఆ టోపీ తియ్. పండగ పూట కూడా దొంగలాగా అదేంటి?”

“తర్వాత పోసుకుంటాలే అమ్మా. జలుబుగా ఉంది.”

“రాత్రి లేని జలుబు పొద్దున్నే ఎక్కడిది? బాబూ, మీరన్నా చెప్పండి.”

నా భార్య నా వైపు చూసింది. నోరు విప్పొద్దని ఆ చూపుకి అర్థం. సూదుల సంగతి వింటే అమ్మ బీపీ ఏమవుతుందోనని ఆమె భయం.

“బాయిలర్ పాడైంది అత్తయ్యా. వేణ్ణీళ్ళు రావట్లేదు,” అన్నాను.

“ఇప్పుడేగా అంట్లు తోమింది! చెయ్యి కాలింది నాకు.”

ఇంకో కారణం నేను వెతుక్కునేలోపే టోపీ నేల మీద ఉంది, అరచేతిలోని నూనె నా భార్య మాడు మీద ఉంది. అత్తయ్య వేళ్ళు జుట్టులో కాస్త తిరిగి, ఆగిపోయాయి.

“ఏంటే ఈ చుక్కలు?”

నేనే చెప్పాను. రక్తం, యంత్రం, సూది, సోమవారం, అన్నీ వరసగా, ఏదీ వదలకుండా. ఆఫీసు మీటింగులో చెప్పినట్టు చెబుతున్నానని తెలుస్తూనే ఉంది, కానీ ఇంకోలా చెప్పడం రాలేదు. అత్తయ్య అంతా విన్నారు.

“వస్తుందా బాబూ?”

“తెలీదు అత్తయ్యా.”

“మరి ఈ నూనె పడితే?”

“అదీ తెలీదు.”

క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఆదివారం సెలవని రికార్డు చేసిన గొంతు చెప్పింది. టిష్యూతో తుడవబోయి, రుద్దొద్దన్నది గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అత్తయ్య నూనె చేతులు రెండూ గాలిలో పెట్టుకుని, ఎక్కడ దించాలో తెలియక అలాగే ఉండిపోయారు.

“ఎలాగూ పడిందిగా, కానివ్వమ్మా,” అంది నా భార్య. “ఈ మధ్య నా తల మీద చెయ్యేసిన వాళ్ళందరూ పరీక్ష చెయ్యడానికే వేశారు.”

వాళ్ళలో నేనూ ఉన్నాను. అత్తయ్య రుద్దకుండా, పసిపిల్ల మాడుకు అద్దినట్టు అద్దారు.

ఈ నూనెతో సూదులు వృథా అయ్యాయో, సూదులు లేకపోయినా జుట్టు వచ్చేదో, అసలు రాదో తెలుసుకునే దారి లేదు. మా ఆఫీసులో అయితే ఒకేలాంటివి రెండు పెట్టుకుని, ఒకదాని జోలికి పోకుండా ఉంచి, రెంటినీ పోల్చి చూస్తాం. ఇక్కడ ఉన్నది ఒక్కటే తల.

నూనె పట్టాక ఇక తల తడపక తప్పలేదు. ఆమె కడుక్కుని వచ్చాక అలవాటుగా టిష్యూ తీసుకుని బాత్రూం వైపు వెళ్ళాను. అత్తయ్య అప్పటికే షవర్ దగ్గర వంగి ఉన్నారు.

“రోజూ మీరే తీస్తున్నారుగా బాబూ,” అన్నారు వెనక్కి తిరగకుండా. “ఇవాళ నేను తీస్తా. మీరెళ్ళి పచ్చడికి ఆ మామిడికాయ తరగండి.”

జాలీలో ఎంత ఉందో నాకు కనిపించలేదు. ఆవిడ వీపు మాత్రం కనిపించింది. అది చాలాసేపు కదలలేదు.