వెనక్కి జారే మనిషి

తార్మో ఇంట్లోనూ వెనక్కే నడుస్తాడు. కాఫీ కప్పు పట్టుకుని, మాట్లాడుతూనే, చూడకుండా తలుపు దాటిపోతాడు. ఎవరొచ్చినా ముఖం కాదు, ఛాతీ చూస్తాడు. కళ్ళు మోసం చేస్తాయి గానీ ఛాతీ చెయ్యలేదంటాడు. మా కొక్కొలా ఊరి ఐస్ హాకీ జట్టులో పంతొమ్మిదేళ్ళుగా అతను డిఫెండరు. దూసుకొచ్చేవాణ్ణి చూస్తూ మంచు మీద వెనక్కి జారుతూ అడ్డుకోవడమే పని. గోల్ వేసినవాడు మర్నాడు జట్టుకి కేకు తేవాలి. తార్మో తెచ్చింది ఎనిమిదిసార్లు. వెళ్ళినప్పుడల్లా బేకరీ ఆవిడ ఎవరి పుట్టినరోజని అడుగుతుంది.

మార్చిలో అతని చివరి ఆట. ఆఖరి నిమిషంలో, ఒక్క గోల్ వెనకబడ్డ అవతలివాళ్ళు తమ గోల్ ఖాళీగా వదిలి, గోల్‌కీపర్ని బయటికి పిలిచేసి, అతని బదులు దాడికి మరొకణ్ణి పంపారు. పక్, ఆటలో కొట్టే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, తార్మో కర్రకి తగిలింది. "కేకు తార్మో, కేకు" అని బెంచీ మీదివాళ్ళు అరిచారు. అతను ఎప్పటిలాగే దాన్ని దూరంగా కొట్టి, వెనక్కి జారడం మొదలుపెట్టాడు. పక్ ఖాళీ గోల్ వైపు కలలోలా మెల్లగా సాగింది. అది దూరమయ్యేకొద్దీ అతనూ దూరమయ్యాడు. చివరికి మా గోల్ కమ్మీ వీపుకి తగిలింది. వెనక నుంచి గోల్‌కీపర్ ఇల్పో అన్నాడు: "పంతొమ్మిదేళ్ళుగా నీ వీపు తప్ప నాకేం కనపడలేదురా. పోయిందా?"

హాలంతా లేచి నిలబడింది. తార్మో ఇంకా అటే చూస్తున్నాడు.

"పోయింది" అన్నాడు.