ఎడమచేతి గ్లౌజు

నేను కర్నూలుకు కాపురానికి వచ్చేనాటికి ఊరంతా డేరాలు, జీపులు, ఆఫీసులు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఆ సందడి అణగిపోయింది. అధికారులు, గుమాస్తాలు వెళ్లిపోయారు గానీ వాళ్లు వాడి వదిలేసిన సామాన్లు మాత్రం పాతసామాన్ల అంగళ్లలో గుట్టలుగా మిగిలాయి. నేను గ్లౌజులు కొన్నది అలాంటి ఒక అంగడిలోనే.

మా అత్తగారిది తుంగభద్రలో చేపలు పట్టే కుటుంబం. నా భర్త, ఆయన అన్న ఒకే పుట్టిలో ఏటి మీదికి పోయేవాళ్లు. వెదురుతో అల్లి, కింద తోలు కప్పిన గుండ్రటి పడవ అది. వేసవిలో ఏరు చిక్కిపోయి మడుగులుగా మిగిలితే, లోతైన మడుగుల్లో పెద్ద పెద్ద వాలుగ చేపలు ఉండేవి. వాటి కోసం అన్న ఒక పక్క, తమ్ముడు ఒక పక్క గాలాలు వేసుకొని కూర్చునేవాళ్లు. ఆ చేపలకు గాలం కర్ర ఆగదు. దారం చేతికి చుట్టుకొని, చేప అలిసేదాకా వదులుతూ లాగుతూ ఉండాల్సిందే.

నూలు దారం ఉన్నన్నాళ్లు చేప బలంగా గుంజితే దారం తెగేది. తర్వాత నైలాన్ దారం వచ్చింది. ఆయన అన్న, అంటే మా బావ, ఎవరి దగ్గరో సంపాదించి తెచ్చాడు. అది తెగదు, చేతులు తెగుతాయి. నా భర్త అరచేతుల నిండా కత్తితో గీసినట్టు గాట్లు. సాయంత్రం సంగటి ముద్దను ఊరుబిండిలో అద్దుకుంటే ఆ కారం గాట్లలోకి దిగేది. ఆయన పళ్లు బిగించి మింగేవాడు. నేను చూడలేక ముద్దలు కలిపి నోటికందిస్తే, మా అత్త చూస్తుందని సిగ్గుపడేవాడు.

మొదటి కాన్పుకు కమలాపురం దగ్గర మా పుట్టింటికి పోయి తిరిగి వస్తున్నప్పుడు, రైలు స్టేషనులో కూలీలు ఇనుప కమ్మీలు దించుతుండగా చూశాను. వాళ్ల చేతులకు తోలు గ్లౌజులు ఉన్నాయి. బిడ్డను ఒళ్లో పెట్టుకొని దారి పొడుగునా ఆ గ్లౌజుల గురించే ఆలోచించాను. నా చేతి ఖర్చుకని మా అమ్మ ఇచ్చిన దుడ్లు చీరకొంగులోనే ఉన్నాయి. ఇంటికి చేరిన వారంలోనే ఆయన్ను బలవంతంగా అంగళ్లకు తీసుకుపోయాను.

పాతసామాన్ల అంగడి సాయిబు ముందు నవ్వాడు. "చేపలకు ఇవెందుకమ్మా? ఇనుము మోసేటోళ్లు ఏసుకునేవి" అన్నాడు.

"ఇనుమన్నా ఊరికే పడుంటాది. చేప ఊరికే ఉండదు గదన్నా" అన్నాను.

సాయిబు మంచివాడు. గోనెసంచి తెచ్చి ముందర గుమ్మరించాడు. మొదట నా చేతికొచ్చినవి మేకతోలువి, మెత్తగా, చూడముచ్చటగా ఉన్నాయి. గోటితో గీరితే పైపొర లేచిపోయింది. ఇంకో రకం బర్రెతోలువి. వాటిని ఏ కత్తీ కోయలేదనిపించింది గానీ వేసుకుంటే పిడికిలి ముడుచుకోలేదు. నా భర్త వాటిని తీసి పక్కన పెట్టి, తోలు మరీ మందమైతే దారం కదిలేది వేళ్లకు తెలియదనీ, అది తెలియకపోతే చేప దక్కదనీ మెల్లగా చెప్పాడు. అంగట్లో ఆయన మాట్లాడింది అదొక్కటే.

నేను వెంట నైలాన్ దారం ముక్క ఒకటి తీసుకుపోయాను. గ్లౌజు తొడుక్కొని దారం చుట్టుకొని, రెండో కొసను లాగమని సాయిబును అడిగాను. ఆయన మొహమాటపడుతూనే లాగాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న సందులోనే దారం ఎక్కువగా కోస్తుందని అప్పుడు అర్థమైంది. ఒక్కొక్క జత తీసి ఆ సందులో కుట్టు ఎట్లా ఉందో చూశాను. చాలావాటికి ఒంటికుట్టే ఉంది, గట్టిగా గుంజితే వెలుతురు కనపడింది. చివరికి ఆవుతోలు జత ఒకటి దొరికింది. అరచేతిలో రెండో తోలు వేసి జంటకుట్టు కుట్టారు. వేళ్ల దగ్గర మాత్రం తోలు పలుచగా ఉంది. కొంచెం నీళ్లడిగి మూలన తడిపి చూశాను, ఉబ్బలేదు. నా భర్త వాటిని తొడుక్కొని పిడికిలి బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. ఆయన మొహంలో వచ్చిన నవ్వును ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయాడు.

రోజూ ఏటి నుంచి రాగానే వాటిని నీడన ఆరేసి ఆముదం రాసేదాన్ని. తోలు తడిసి ఎండితే పెళుసవుతుంది కదా. ఆ వేసవిలో ఆయన అరచేతులు మానాయి. రేవులో జనం మొదట ఎగతాళి చేశారట. తర్వాత ఒక్కొక్కరే వచ్చి, ఇట్లివ్వు చూస్తామని అడిగి తొడుక్కొని చూసేవాళ్లట.

ఓర్వలేనిది మా ఇంట్లోవాళ్లే. బావ నేరుగా అడగలేదు. అన్నం దగ్గర తన అరచేతులు తల్లి ముందు చాపి కూర్చునేవాడు. ఒకరోజు మా అత్త అందరూ వినేటట్టు అంది. "పెద్దోడు ఒట్టి చేతుల్తో లాగుతాంటే చిన్నోడు తోళ్లేసుకొని కూచుంటాడా? చూసేటోళ్లు ఏమనుకుంటారు?"

మరుసటి రోజు గ్లౌజులు అన్న చేతులకు ఉన్నాయి. నా భర్తే తీసి ఇచ్చాడు. ఎందుకిచ్చావని అడిగితే, "అన్న చేయి తెగితే మాత్రం నాకు బాగుంటాదా?" అన్నాడు.

"నీ చేయి తెగితే ఆయనకు బాగనే ఉండాదే" అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

వంతులు వేసుకుంటారేమో అనుకున్నాను. వేసుకోలేదు. అంతకంటే నాకు మంట పుట్టించింది ఇంకొకటి. బావ వాటిని తడితడిగానే ఎండలో పడేసి పోయేవాడు. మా అత్త వాటిని తెచ్చి నా ముందు పెట్టి ఆముదం రాయమనేది. ఆ చేతులకు పోయే గ్లౌజులకు నా చేతులతోనే నూనె రాశాను. రాయనని ఎందుకు అనలేదో ఇప్పటికీ నాకు తెలియదు. కోడళ్లు అట్లా అనే రోజులు కావవి.

మళ్లీ వేసవిలో, ఒక పెద్ద వాలుగ నా భర్త గాలానికి పడింది. దారం కుడిచేతి రెండు వేళ్లను ఎముక దాకా కోసింది. చేప పోతుందని ఆయన వదల్లేదు. దాన్ని పుట్టిలోకి లాగుతుంటే, అంతకుముందు పట్టి పడేసిన జెల్ల చేప ముల్లు అదే చేతిలో దిగబడింది. పసుపు పెట్టి కట్టు కట్టాం. చేయి మోచేతి దాకా ఉబ్బి, జ్వరంతో మాట తడబడుతుంటే పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఉంగరపు వేలు, చిటికెన వేలు తీసేశారు. ఆలస్యమయ్యుంటే చేయే పోయేదన్నాడు డాక్టరు.

బావ ఆసుపత్రికి వచ్చాడు. రేవుకు పోతూ పోతూ వచ్చాడు, గ్లౌజులు మొలలో దోపుకొని. మంచం పక్కన కాసేపు నిలబడి, ఆ వాలుగకు మంచి ధర వచ్చిందని చెప్పి పోయాడు. నా భర్త సంతోషంగా తలూపాడు. ఆ తలూపడం చూసి నాకు ఏడుపు కూడా రాలేదు.

చేయి మానాక ఆయన పుట్టి ఎక్కాడు గానీ దారం పట్టు చిక్కలేదు. మూడు వేళ్లతో లాగేవానికి సగం చేప ఎట్లా ఇస్తానని బావ పేచీ పెట్టాడు. వేరు పోదామన్నదీ బావే. కులపెద్దలు వచ్చి మా వసారాలో కూర్చున్నారు. పుట్టి పెద్దవానికి, పాత వలలు చిన్నవానికి అన్నారు. కడవలు, చాపలు, గాలాలు, అన్నీ పంచారు. గ్లౌజుల దగ్గరికి వచ్చేసరికి నేను ఆగలేక గడప దగ్గర నుంచే నోరు విప్పాను. అవి మా అమ్మ ఇచ్చిన దుడ్లతో నేను కొన్నవని చెప్పాను. ఇంట్లో వాడిన సామాను ఇంటి కిందికే వస్తుందని ఒక పెద్దమనిషి తేల్చేశాడు.

"దానికేముండాదప్పా, ఒకటి నాకు, ఒకటి వానికి" అన్నాడు బావ.

అన్నవాడు అన్నట్టే కుడిది తీసి మొలలో పెట్టుకున్నాడు. ఎడమది తమ్ముని ఒళ్లోకి విసిరాడు. పెద్దలు నవ్వారు, సరిసమానంగా పంచాడని. నా భర్త దాన్ని రెండు చేతులా పట్టుకొని తల వంచుకొని కూర్చున్నాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట మాట్లాడతాడని నేను గడప పట్టుకొని ఎదురుచూశాను.

తోలు గ్లౌజును లోపలి వైపు బయటికి తిప్పితే ఎడమది కుడి చేతికి పడుతుంది. నేను అట్లా తిప్పి, లేని రెండు వేళ్ల చోట తోలు కోసి కొసలు కుట్టి ఆయనకిచ్చాను. ఆయన చూసి, "దాన్ని యాడన్నా పారెయ్" అన్నాడు. ఆ తర్వాత ఏటికి పోలేదు. పాత వలలు అమ్ముకొని మేము కమలాపురం వైపు వచ్చేశాం. ఆయన ఒక రైతు తోటకు కాపలా కుదిరాడు. నేను ముళ్లకంప కొట్టే పనికి పోయాను. ఆ రెండు వేళ్ల చోట కుట్టు విప్పి ఆ గ్లౌజు నేనే వేసుకున్నాను. కుట్లు బయటికి తేలి అసహ్యంగా ఉండేది గానీ ముల్లు లోపలికి దిగేది కాదు. వస్తువును ఎంచుకోవడంలో నేనేమీ పొరపాటు చేయలేదు.

చాలా ఏళ్లకు బావ తన కూతురి పెళ్లికి పిలవడానికి మా ఇంటికి వచ్చాడు. తల నెరిసింది, మనిషి వంగిపోయాడు. నా భర్త ఎదురుపోయి అన్న కాళ్లకు నీళ్లిచ్చాడు. చెంబు ఆ మూడు వేళ్ల చేతిలో నిలవక ఒరిగిపోతుంటే, బావ దాన్ని పట్టుకొని సర్దాడే తప్ప ఆ చేతి వైపు చూడలేదు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చొని పాత మడుగుల గురించి, పట్టిన చేపల గురించి మాట్లాడుకున్నారు. నా భర్త అంతగా నవ్వడం ఆ ఊరికి వచ్చాక నేను చూడలేదు.

నేను అన్నం పెట్టాను. పోయేటప్పుడు బావ, "నువ్వు గూడా రావల్ల" అన్నాడు. నేను విస్తరాకులు తీసుకొని పెరట్లోకి పోయాను.

పెళ్లికి నా భర్త ఒక్కడే పోయాడు. నాది రాయి గుండె అని మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.