సామాన్ల దగ్గర మనిషి

జ్ఞానాపురంలో ఎవాంజలిన్ ఇంటికి చుట్టాల రాక ఎక్కువ. రైల్వే స్టేషన్‌కి దగ్గర కదా, రైలు దిగి సంచులు ఊపుకుంటూ నడిచి వచ్చేస్తారు. వచ్చినవాళ్ళకి ఊరు చూపించే పని ఆమెదే. జాకెట్లు కుట్టే మనిషి, మిషను మీద గుడ్డ కప్పేసి "పదండి పదండి" అంటూ అందరికన్నా ముందు వీధిలో నిలబడుతుంది. ఏ బస్సు ఎక్కడ ఎక్కాలో, ఏ మ్యూజియం ఏ వారం మూసేస్తారో ఆమెకు కొట్టిన పిండి. ఆ మ్యూజియాల లోపల ఏముంటుందో మాత్రం తెలియదు.

నవ్వకండి, నిజమే. మ్యూజియం అన్నాక గేటు దగ్గర బ్యాగులు ఆపేస్తారు. మనవాళ్ళ బ్యాగుల్లో ఏముంటాయి? పులిహోర డబ్బాలు, నీళ్ళ సీసాలు, సముద్రంలో తడిసే పిల్లలకి మారుబట్టలు. గేటు పక్కన సామాన్లు పెట్టుకునే గది ఉంటుంది, రసీదు కూడా ఇస్తారు. అయినా పరాయివాడి చేతికి బ్యాగు ఇవ్వాలంటే మనకి ప్రాణం ఒప్పదు. సొంత మనిషి ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆమెను కూర్చోమని ఎవరూ ఏనాడూ అడగలేదు, అదే తమాషా! అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఆమె నోరే ముందు లేచేది.

"మీరెల్లండి. నాను ఊళ్ళోదాన్నే గదా, ఎప్పుడైనా సూసుకుంటాను."

ఆ 'ఎప్పుడైనా' ఇంతవరకూ రాలేదు. సబ్‌మెరైన్‌ని ఒడ్డుకు లాగి మ్యూజియం చేసిన కొత్తలో, ఆడపడుచుల సంచులు చుట్టూ పెట్టుకుని బయట గోడ మీద కూర్చుంది. తర్వాత కొడుకు కెన్నీని వాళ్ళ నాన్న జాక్సన్ లోపలికి తీసుకెళితే గొడుగూ చెప్పులూ చూసుకుంది. ఆ కెన్నీ ఇప్పుడు స్టీల్ ప్లాంట్‌లో పనికి పోతున్నాడు. ఎవాంజలిన్ మాత్రం ఆ గోడ దాటలేదు.

ఈ దసరా సెలవులకి సికింద్రాబాద్ నుంచి తమ్ముడు జాన్‌బాబు, మరదలు జయశీల, వాళ్ళ అమ్మాయి దీనా వచ్చారు. దీనా చురుకైన పిల్ల. బీచ్ రోడ్డులో దిగగానే కౌంటర్ దగ్గరికి పరిగెత్తి పాసులు తెచ్చేసింది. ఒక్క పాసు మీద మూడు మ్యూజియాలు చూడొచ్చు, ఆ రోజు సాయంత్రం దాకా చెల్లుతుంది. మనుషులు నలుగురు, పాసులు నాలుగు.

"ఇది నీది అత్తా" అని ఒక పసుపుపచ్చ అట్టముక్కని దారంతో సహా ఎవాంజలిన్ మెడలో వేసింది.

దాని మీద ఆమె పేరు అచ్చేసి ఉంది. ఆమె కోసం ఎవరైనా టికెట్టు కొనడం అదే మొదటిసారి. ఆమెకి ఒక్కసారిగా ఆశ పుట్టింది. ఈ పూట నేనూ చూస్తాను, ఏమైనా సరే చూస్తాను అనుకుంది.

అనుకోవడం ఎంతసేపు! హెలికాప్టర్ మ్యూజియం దగ్గర ఆమె నోరు తెరిచేలోపే జయశీల బ్యాగు ఆమె ఒళ్ళోకి వచ్చేసింది. విమానం దగ్గర మరీ ఘోరం, ఎవరూ ఏమీ అనకుండానే ఆమె నోటి నుంచే "మీరెల్లండి" అన్న మాట జారిపోయింది. వెంటనే నాలుక కరుచుకుంది గానీ, అప్పటికే వాళ్ళు గేటు దాటేశారు.

ఇక మిగిలింది రోడ్డవతల సబ్‌మెరైన్. అక్కడికి దీనా స్నేహితురాలు అనూరాధ వచ్చి కలిసింది, ఈ ఊరి పిల్లే. జయశీల చెడ్డదేం కాదు. ఏదీ వృథాగా పోతే చూడలేదు, అంతే.

"వదినా, మీ పాసు అలాగే ఉండిపోయింది కదా. అనూరాధకి ఇచ్చేయండి. మీరెలాగూ బయటే ఉంటారు కదా" అంది.

అలవాటు కొద్దీ ఎవాంజలిన్ చెయ్యి మెడ మీదికి పోయింది. దారం సగం తల దాకా వచ్చాక ఆగిపోయింది.

"ఇవ్వను జయా."

"ఏంటి వదినా?"

"ఇది నాది. నా పేరుంది."

గొంతు పెంచలేదు, కానీ అందరికీ వినపడింది. అనూరాధ పాపం సిగ్గుపడిపోయి టికెట్టు తీసుకుంటానని కౌంటర్ వైపు పరిగెత్తింది. జయశీల మొహం మాడ్చుకుంది. అందరూ లోపలికి వెళ్ళిపోయారు, బ్యాగులన్నీ గోడ దగ్గరే వదిలేసి. పాసు నాది అనగలిగిన మనిషి, నేనూ వస్తానని అనలేకపోయింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ గోడ పక్కన పోతమ్మ బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంది. జాలరిపేట మనిషి. పొద్దున్న చేపలమ్మి, ఎండ వాలాక ఇక్కడికి వస్తుంది. ఈ గోడ మీద కూర్చుని కూర్చునే ఇద్దరికీ స్నేహం కలిసింది. ఎవాంజలిన్ అనే పేరు ఆమె నోరు తిరగదు, వాంజమ్మ అంటుంది.

"ఏటి వాంజమ్మా, మెళ్ళో ఆ బిళ్ళేటి?"

"పాసు. లోపలికెల్లడానికి."

"మరిక్కడేటి సేత్తన్నావ్?"

"సంచులున్నాయి గదా పోతమ్మా."

"ఓలమ్మా! ఆటికి కాళ్ళొచ్చి పారిపోతాయేటి? మా పడవనే ఒడ్డున వొగ్గేసి వత్తన్నాను నాను. నీ సంచులు సూళ్ళేనా? ఎల్లు, ఎల్లు!" అని విసనకర్రతో తోసినంత పని చేసింది.

ఎవాంజలిన్ లేచింది. గేటు దగ్గర కుర్రవాడు పాసుకి టక్కుమని చిల్లు పెట్టాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు!

లోపల ఇరుకు. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి వంగి దూరాలి. ఎటు చూసినా గొట్టాలు, మీటలు, గడియారాల్లాంటివి. రాసి పెట్టిన ప్రతి బోర్డు ముందూ ఆమె ఆగింది. పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. వెనకవాళ్ళు విసుక్కుంటే దారిచ్చి, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టింది. వంటగది దగ్గర మరీ ఆగిపోయింది. తన వంటిల్లే ఇరుకని ఇన్నాళ్ళూ జాక్సన్‌తో పోట్లాడింది. దీంట్లో నిలబడి అంతమందికి వండాడా మహానుభావుడు! అప్పుడు గమనించింది, తన చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయని. వాటినేం చేసుకోవాలో తోచక ఒకదాన్నొకటి పట్టుకుంది. ఎంత హాయిగా ఉందో ఆమెకి, చెప్పలేనంత సంతోషం వేసింది.

రెండో చివర నుంచి మెట్లు దిగుతుంటేనే జయశీల గొంతు వినపడింది.

"బ్యాగులిలా రోడ్డున పడేసి ఎక్కడికి పోయారు వదినా? నా ప్రాణం పోయినంత పనైంది!"

"రోడ్డునేటమ్మా, నాను మనిషిని కానా?" అని పోతమ్మ కసిరింది.

"లోపలికెల్లాను జయా" అంది ఎవాంజలిన్.

జాన్‌బాబు నవ్వాడు. అక్క ఎదురుగా ఉంటే అతనికి పాత యాస వచ్చేస్తుంది. "నువ్వెందుకెల్లావక్కా? నువ్వు సూసిందే గదా?"

"లేదురా."

"లేదేటి? మా పెళ్ళైన కొత్తలో వచ్చాం, దీనా చిన్నప్పుడొచ్చాం. ప్రతిసారీ నువ్వు మాతోనే ఉన్నావు గదా!"

"ఉన్నాను. ఈ గోడ మీద."

కోపంగా అనలేదు. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పింది. జాన్‌బాబు నవ్వు ఆగిపోయింది. గోడ వైపు చూశాడు, బ్యాగుల వైపు చూశాడు. జయశీల ఊరికే బ్యాగు జిప్పు తెరిచి మూసింది. అతను అక్క మెడలోని పాసు చేతిలోకి తీసుకున్నాడు. ఒక చిల్లు పడింది, ఇంకా రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"ఇంకా టైముంది. దీనా, అత్తని తీసుకెల్లు" అన్నాడు. బ్యాగులన్నీ దగ్గరికి లాక్కుని గోడ మీద కూర్చున్నాడు.

ఎవాంజలిన్ దీనా చెయ్యి పట్టుకుని రోడ్డు సగం దాటిందో లేదో వెనక నుంచి తొందరపెడుతూ కేక వినపడింది.

"అక్కా! బేగొచ్చీ! ఆకలేత్తంది!"

మామూలుగా అయితే ఆమె కాళ్ళు వెనక్కి పరిగెత్తేవి. డివైడర్ మీద నిలబడి తమ్ముడి వైపు తిరిగింది.

"నాను అన్నీ సదువుకుంటా నెమ్మదిగా సూసే మనిషిన్రా. కూకో!"

తను అలాంటి మనిషినని ఆమెకూ ఆ పూటే తెలిసింది.