‘లేదు’కి ఇంగ్లీషు

ఆ బళ్లో ఇంగ్లీషు టీచరు ఇరవై ఆరేళ్ల సర్వీసులో నాలుగు పద్ధతులు మార్చింది. మార్చింది అనడం కన్నా పైనుంచి మార్పించారు అనడం న్యాయం. చేరిన కొత్తలో వ్యాకరణం వల్లె వేయించి, పాఠానికి అర్థం చెప్పమన్నారు. నిద్రలో లేపి అడిగినా పిల్లలు ‘గో, వెంట్, గాన్’ అప్పజెప్పేవాళ్లు గానీ, మంచినీళ్లు అడగమంటే నోరు పెగిలేది కాదు. తర్వాత అర్థాలు వద్దు, ఒకే వాక్యాన్ని నలభైసార్లు పలికించమన్నారు. పలికించింది. ఆమె గొంతు పోయింది, పిల్లలకు ఇంగ్లీషు రాలేదు. ఆపైన గుండ్రంగా కూర్చోబెట్టి వాళ్లలో వాళ్లనే మాట్లాడుకోనివ్వమన్నారు. బల్లలు నేలకు బిగించి ఉన్నాయని ఆమె అంటే, ‘‘అవన్నీ సర్దుకోవాలి మేడమ్’’ అన్నారు శిక్షణ ఇచ్చినవాళ్లు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

విసిగిపోయి తన దారి తాను వెతుక్కుంది. పిల్లల తప్పులు ఊరికే రావనీ, ఇంట్లో మాట్లాడే మాట వెనకనుంచి తోస్తే వస్తాయనీ కనిపెట్టింది. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. ఇంగ్లీషులో కర్త పక్కనే ఉండాలి. అందుకని ముందు సొంత మాటలనే ఇంగ్లీషు వరసలో చెప్పించేది. ‘‘నేను తాగుతాను పాలు’’, ‘‘మా నాన్న కుడతాడు చొక్కాలు’’ అంటూ పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆగేసరికి వరస ఒంటబట్టేది. వెనక బల్లలవాళ్లు కూడా చేతులెత్తడం మొదలుపెట్టారు. ఎవరు ఏ తప్పు రాశారో, ఎందుకు రాశారో పదకొండేళ్లపాటు ఒక లావుపాటి నోటుబుక్కులో ఎక్కించింది.

ఒకసారి ఆరో తరగతి పిల్ల, నాయనమ్మ పోయిన వారానికి బడికొచ్చి, కుటుంబం గురించి రాస్తూ ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ నో’ అని రాసింది. టీచరు ఎర్రపెన్ను తీసి, మళ్లీ మూత పెట్టేసింది. నోటుబుక్కులో మాత్రం ఇలా రాసుకుంది: ‘మనకు లేదు అన్నది ఒక్కటే మాట. ఇంట్లో లేనివాళ్లకూ అదే, లోకంలోనే లేనివాళ్లకూ అదే. ఇంగ్లీషులో దానికి జోడీ మాట లేదు. పిల్లకు తెలియక కాదు, వెతుక్కుంటూ దారిలో ఆగిపోయింది.’

ఆ ఏడాదే తనిఖీ అధికారి వచ్చి కిటికీ పక్కన నిలబడి పాఠం విన్నాడు. లోపలికొచ్చి పిల్లల ముందే నిలదీశాడు.

‘‘ఇది ఇంగ్లీషు క్లాసేనా మేడమ్?’’

‘‘అవును సార్. వాక్యం వరస తెలియాలని...’’

‘‘ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినపడకూడదన్న సర్క్యులర్ చూళ్లేదా?’’

బల్లమీది నోటుబుక్కు తిరగేశాడు. సాక్ష్యానికి పనికొస్తుందని చంకలో పెట్టుకుపోయాడు. వారం తిరక్కుండా మెమో వచ్చింది. తరగతులు తీసేసి ఆమెను లైబ్రరీకి వేశారు. నోటుబుక్కు కోసం మూడుసార్లు ఆఫీసుకు తిరిగితే, మూడుసార్లూ ‘‘ఫైల్లో ఉందమ్మా’’ అన్నారు. కొత్తగా వచ్చిన టీచరు క్లాసులో ఆ ఆరో తరగతి పిల్ల నోరు విప్పితే ఇంటి మాటే వస్తుందని భయపడి, విప్పడమే మానేసింది. ఎనిమిదిలో బడే మానేసింది.

ఐదేళ్లకు, ఇంగ్లీషు చెప్పేవాళ్లు చాలక ఆమెకు తరగతులు తిరిగి ఇచ్చారు. కొత్త పద్ధతికి శిక్షణ కూడా పెట్టారు. వేదిక మీద అదే అధికారి, ఇప్పుడు పెద్ద హోదాలో. ‘‘ఇంటి భాష శత్రువు కాదు, వంతెన’’ అంటూ తన పేరున్న పుస్తకం అందరికీ పంచాడు. ఆమె పేజీలు తిప్పింది. పాలు ఉన్నాయి, చొక్కాలు ఉన్నాయి. పదిహేడో పేజీలో ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ నో.’ కింద వివరణ: ‘పదాలు తెలియని పిల్లల తప్పు. పదాలు బట్టీ పట్టించాలి.’

ఆమె లేచి నిలబడింది.

‘‘సార్, ఈ వాక్యం ఎక్కడిది?’’

‘‘బళ్లు తిరిగి సేకరించినవమ్మా.’’

‘‘ఇది నా క్లాసు పిల్ల రాసింది. నోటుబుక్కు నాది.’’

పక్క కుర్చీలో టీచరు ఆమె కొంగు లాగింది. ‘‘కూర్చో అక్కా, రిటైర్మెంటుకు రెండేళ్లుంది. ఎందుకొచ్చిన గొడవ?’’

అధికారి నవ్వాడు. ‘‘పదిమందికీ పనికొస్తోంది కదా మేడమ్, సంతోషించండి.’’

‘‘సంతోషిస్తాను. కింద రాసింది తప్పు సార్, అదైనా దిద్దండి.’’

‘‘టీ తర్వాత చూద్దాం.’’

టీ తర్వాత ఆయన కారు అక్కడ లేదు.

పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. మూడు నెలలకు జవాబొచ్చింది. పుస్తకం ఊసే లేదు. పాత మెమో రద్దు కాదనీ, ఆ తేదీ నాటికి ఇంటి భాష వాడటం నిషేధమేననీ ఉంది. భర్త రెండుసార్లు చదివి, ‘‘ముందే సరిగ్గా చెయ్యడం నీ నేరమన్నమాట’’ అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

జూన్‌లో పిల్లల పుస్తకాలొచ్చాయి. వాటిలోనూ ‘టీచర్లకు సూచన’ అంటూ అదే వాక్యం, అదే వివరణ. ఆమె ఒక పీరియడంతా కూర్చుని నలభై రెండు పుస్తకాల్లో ఆ వివరణ కొట్టేసి, పక్కన తన మాట రాసింది.

‘‘అచ్చేసిన పుస్తకంలో కూడా తప్పులుంటాయా టీచర్?’’ అంది ముందు బల్ల పిల్ల.

‘‘చూసి రాస్తే ఉంటాయమ్మా.’’

మిగతా బళ్లన్నిటిలో ఆ ఏడాది పిల్లలు పదాలు బట్టీ పట్టారు.