లేని నాలుగెకరాల కోర్టు కాపీ

నా విడాకుల కేసు జమ్మలమడుగు కోర్టులో నడిచింది. బంధువులకు మాత్రం అది భూమి కేసు. మా నాయన అలాగే చెప్పాడు.

మేముండేది ప్రొద్దుటూరులో. అక్కడి కోర్టులో వేస్తే టీ అంగడికొక చుట్టం ఎదురొస్తాడు. పులివెందులలో వేద్దామంటే అది అత్తగారి ఊరు. పెళ్ళి జమ్మలమడుగులో జరిగింది కాబట్టి అక్కడ వేసుకోవచ్చని లాయరు చెప్పగానే నాయనకు ప్రాణం లేచొచ్చింది. మా వాళ్ళలో భూమి కోసం కోర్టుకెక్కితే గౌరవం, కూతురి కోసం ఎక్కితే నామోషీ. అందుకని పెద్దముడియం దగ్గర మా తాత ఎప్పుడో కొన్న నాలుగెకరాల నల్లరేగడి బయటపడిందనీ, దాన్ని ఎవరో ఆక్రమించుకున్నారనీ, ఆ కేసు కోసమే తిరుగుతున్నాననీ అందరికీ చెప్పాడు. అడిగినవాళ్ళకు హద్దులు కూడా చెప్పాడు. తూర్పున వంక, పడమర బండ్లదారి.

నేను పుట్టింట్లోనే ఎందుకున్నానని అడిగితే, అల్లుడు కువైట్ పోయాడన్నాడు. అది నమ్మించడానికి ప్రొద్దుటూరు బజారులో పులిబొమ్మ దుప్పటి ఒకటి కొని, అల్లుడు పంపాడని తన తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు ఇచ్చాడు. నిజానికి అల్లుడు పులివెందుల దాటి ఎక్కడికీ పోలేదు. మా ఇద్దరికీ పడలేదు, ఇద్దరం ఒప్పుకుని విడిపోయాం, అంతే. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద చేను ఎందుకు సృష్టించాడో ఆయనకే తెలియాలి.

ఒక్క విషయం మాత్రం నాయనకు తట్టలేదు. తాత భూమి అయితే తమ్ముడికి సగం రావాలి. చిన్నాయనుండేది కొండాపురం దగ్గర కాలనీలో. ఊరు, చేను రెండూ రిజర్వాయరు నీళ్ళ కింద పోయినవాడు. "నా రెండెకరాలు ఏమాయె?" అని అడిగాడు. నాయన కేసు నడుస్తోందన్నాడు, తర్వాత వాయిదా అన్నాడు, చివరికి అరిచాడు. ఆరేళ్ళుగా అన్నదమ్ములకు మాటల్లేవు.

ఈ యేడు నాకు మళ్ళీ పెళ్ళి కుదిరింది. ఆయన భార్య పోయిన లెక్చరరు, నెమ్మదస్తుడు. ఊరు పులివెందుల అనేసరికి నాయన తల పట్టుకుని, "ఇంగ ఊర్లే లేవా మ్మా?" అన్నాడు. గుళ్ళో తాళి కట్టించుకుని అదే రోజు రిజిస్టరు చేయిద్దామనుకున్నాం. రిజిస్ట్రారు ఆఫీసులో నా విడాకుల డిక్రీకి కోర్టు సీలున్న కాపీ అడిగారు. అది లేనిదే కుదరదన్నారు. ముహూర్తానికి నెల రోజులే ఉంది.

మాకిచ్చిన కాపీని ఎవరి కంటా పడకూడదని నాయన దాచాడు. ఎంత బాగా దాచాడంటే ఆయనకే దొరకలేదు. ట్రంకుపెట్టె, బియ్యం డ్రమ్ము, దేవుడి పటాల వెనక, అన్నీ తిరగేశాం. మొదటి పెళ్ళి పత్రికలు మాత్రం ఒక కట్ట దొరికాయి. లాయరేమో చనిపోయాడు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి నేనే జమ్మలమడుగు పోయాను.

కాపీలిచ్చే కిటికీ దగ్గర గుమాస్తా, "నంబరు?" అన్నాడు. తెలియదన్నాను. "పోనీ, ఏ సంవత్సరం?" అన్నాడు. నాయనకు ఫోన్ చేస్తే, "బుడ్డశనగ బాగా పండిన యేడు," అన్నాడు. అదే చెప్పాను.

"శనగలకు మా దగ్గర రిజిస్టరు లేదమ్మా," అన్నాడు గుమాస్తా. అయినా మంచివాడు. పేర్లు, లాయరు పేరు రాసిమ్మన్నాడు, వెతికిస్తానన్నాడు.

రాస్తుంటే వెనక నుంచి, "పాపా, ఈడేం చేస్తాండావు?" అన్న గొంతు వినిపించింది. చిన్నాయన! ఏదో పని మీద వచ్చి, నన్ను రోడ్డు మీద చూసి వెంటబడ్డాడట. నాది తేలు కుట్టిన దొంగ పరిస్థితి.

ఎంతైనా మా నాయన కూతురినే కదా. "కేసు కాపీకి వచ్చినా చిన్నాయనా," అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే తీర్పు అయిపోయిందా! మీ నాయన ఒక్క మాట చెప్పల్యా సూడు!" అన్నాడు. గుమాస్తా నా చీటీ వైపు చూశాడు, చిన్నాయన వైపు చూశాడు. నేను కళ్ళతోనే దండం పెట్టాను. "తీర్పు ఎప్పుడో అయింది పెద్దాయనా," అని మాత్రం అన్నాడు. ఆయన చల్లగా ఉండాలి.

రెండోసారి పోయేసరికి నంబరు దొరికింది, దరఖాస్తు ఇచ్చాను. అసలు చిక్కు అప్పుడొచ్చింది. కాపీ ఎన్ని పేజీలో తేలాక, దానికెన్ని స్టాంపులు కావాలో నోటీసు బోర్డులో పెడతారట. ఫలానా రోజని ఉండదు. చూసుకుని గడువులోపల స్టాంపులు కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. పరీక్షల సమయం, నాకిక సెలవు లేదు. నాయన కోర్టు ఛాయలకే రానన్నాడు.

"నేనుండా కదా. దినామూ వచ్చి సూచ్చా," అన్నాడు ఆ రోజు కూడా కోర్టుకొచ్చిన చిన్నాయన.

వద్దనాలి. అనలేదు. నాకు పెళ్ళి కావాలి.

ఆ రోజు నుంచి లేని రెండెకరాల కోసం ఆయన రోజూ కొండాపురం నుంచి బస్సెక్కాడు. బోర్డు మీదున్న నంబర్లన్నీ అరచేతి మీద పెన్నుతో రాసుకుని, సాయంత్రం ఫోన్‌లో చదివేవాడు. అందులో మనది ఉండేది కాదు. ఒకరోజు బోర్డు ముందు ఆవు నిలబడి కాగితం నమలబోతే గొడుగుతో అదిలించాడట. "ఇంగ రవ్వంతుంటే మన చేను మేసేసుండేది పాపా!" అన్నాడు. నవ్వలేక, ఏడవలేక ఫోన్ పెట్టేశాను. మా నాయన మీద పీకల దాకా కోపమొచ్చింది. నా మీద అంతకంటే ఎక్కువ.

పదకొండో రోజు నంబరు వచ్చింది. ఆయనే స్టాంపులు కొని కట్టాడు. మర్నాడు బడిలో బతిమాలి ఒక పూట సెలవు తీసుకుని, కాపీ కోసం నేను పోయేసరికి ఉతికిన పంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కాపీ చేతికొచ్చాక ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. అందులో అంతా ఇంగ్లీషే.

"సదువు," అన్నాడు.

ఓడిపోయామని ఒక్క మాట అంటే చాలు, నాయన పరువు నిలిచేది, ఈయన ఆశ తీరిపోయేది. అనడానికి నోరు కూడా తెరిచాను. ఆయన అరచేతిలో నిన్న రాసుకున్న నా నంబరు చెరగకుండా ఉంది. స్నానం చేసి ఉంటాడు కదా, దాన్ని ఎలా కాపాడుకున్నాడో.

"చిన్నాయనా, చేను లేదు. ఇది నా విడాకుల కాగితం," అన్నాను.

గొడుగు బెంచీకి ఆనించి నా వైపు తిరిగాడు.

"నాలుగెకరాలు లేవా?"

"లేవు."

"తూర్పున వంక?"

"అదీ లేదు."

"అల్లుడు కువైట్‌లో..."

"పులివెందులలోనే ఉండాడు."

"మరి ఆ దుప్పటి?"

"ప్రొద్దుటూరు బజార్ది."

దుప్పటి దగ్గరే ఆయనకు ఎక్కువ బాధ కలిగినట్టుంది. "ఆరేండ్లు అదే కప్పుకోని మీ నాయన్ను తిట్టుకుంటినే!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ పెళ్ళి సంగతి, ముహూర్తం సంగతి, ఈ కాగితం లేకపోతే అది ఆగిపోయేదన్న సంగతి అన్నీ చెప్పి, తప్పయిపోయిందన్నాను.

పై పంచెతో నా కళ్ళు తుడిచాడు. కాగితం తీసుకుని, సీలు మీద వేలు పెట్టి అడిగాడు. "అయితే ఈ కేసు గెలిస్తిమా, లేదా?"

"గెలిచినాం చిన్నాయనా."

"అయితే మీ నాయనకు ఫోన్ కొట్టు. నా సగం నాకు కావల్లని చెప్పు."

"దేంట్లో సగం?"

"మీ నాయన చేసిన కన్యాదానం నిలవలేదు కదా. ఈసారి నేను చేచ్చా."

ఫోన్ చేసి నిజం చెప్పేశానన్నాను. చిన్నాయన ఏమడుగుతున్నాడో కూడా చెప్పాను. అవతల నాయన గొంతు సవరించుకోవడం మూడుసార్లు వినిపించింది.

"సగమెందుకు మ్మా," అన్నాడు చివరికి. "అంతా వాన్నే తీసుకోమను."