పసివాళ్ల నిద్ర కోసం మేలుకున్న వకుళ గారు

డాక్టర్ వకుళ గారు ఇక లేరు. గత మంగళవారం ఉదయం క్లినిక్‌కి బయలుదేరుతూ గరాజ్‌లోనే కుప్పకూలారని, మెదడులో రక్తనాళం చిట్లిందని వారి భర్త ఫోన్‌లో చెబుతుంటే నేను ఆమె గది ముందే నిలబడి ఉన్నాను. లోపల ఒక తల్లీ బిడ్డా ఆమె కోసం ఎదురుచూస్తున్నారు.  

అమెరికాలో, మిషిగన్‌లోని నోవై ఊళ్లో పిల్లల నిద్ర సమస్యలకే జీవితాన్ని అంకితం చేసిన ఆ విదుషీమణి దగ్గర నేను మొదట శిష్యురాలిని, తర్వాత సహవైద్యురాలిని. "రాత్రి జబ్బుకి సాక్ష్యం పగలే దొరుకుతుంది" అనేవారు. బిడ్డ గురక పెడుతుంటే హాయిగా నిద్రపోతున్నాడని మురిసిపోయే తల్లులను, "మనం గురక పెడితే కంగారు పడతాం కదమ్మా, వాడు పెడితే ముద్దెందుకు?" అని మెత్తగా అడిగేవారు.

పదో తరగతి చదివే తన్మయిని తల్లిదండ్రులు తీసుకొచ్చిన రోజు మరపురానిది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"రోజూ ఎర్లీగానే పడుకోబెడుతున్నాం మేడమ్. ఫోన్ కూడా తీసేసుకున్నాం. అయినా క్లాస్‌లో నిద్రపోతోందని స్కూల్ నుంచి ఒకటే ఈమెయిల్స్. కావాలనే చేస్తోంది. పైగా డ్రైవింగ్ పర్మిట్ కావాలంట" అన్నాడు తండ్రి.

"డిప్రెషనేమోనని కౌన్సెలింగ్‌కి కూడా తీసుకెళ్లామండీ. అసలు నవ్వడమే మానేసింది" అంది తల్లి.

ఆ మాటకు వకుళ గారు తలెత్తారు. వాళ్లిద్దరినీ కాసేపు బయట కూర్చోమన్నారు.

"ఎందుకు మానేశావు తల్లీ?"

తన్మయి మూసిన తలుపు వైపు ఒకసారి చూసింది. "నవ్వితే నా లెగ్స్ వీక్ అయిపోతాయి ఆంటీ. ఫ్రెండ్స్ ముందు పడిపోయాను. అందరూ డ్రంక్ అనుకున్నారు. సో, నేను నవ్వను."

వకుళ గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ పిల్ల భుజం పట్టుకుని, ఈ దేశానికి వచ్చిన కొత్తలో మంచులో కూరుకుపోయిన పక్కింటివాళ్ల కారును తనదనుకుని అంతా శుభ్రం చేసిన సంగతి చెప్పారు. తన్మయి నవ్వింది. మరుక్షణం దవడ జారి, తల వాలి, ఒళ్లంతా ఆమె చేతుల్లోకి ఒరిగిపోయింది. కొద్దిసేపటికి తేరుకుంది.

"ఒరిగిపోయినప్పుడు నేను మాట్లాడింది వినిపించిందా?" అని అడిగారు వకుళ గారు.

"అంతా వినిపించింది" అంటూ ఏడ్చేసింది.

తల్లిదండ్రులను లోపలికి పిలిచారు. "ఇది బద్ధకం కాదు, నటన అసలే కాదు. నార్కొలెప్సీ అని నా అనుమానం. మెలకువను నిలబెట్టే శక్తి మెదడులో తగ్గిపోయింది. అందుకే క్లాస్‌లో నిద్ర, నవ్వితే స్పృహ ఉండగానే ఒళ్లు పట్టు తప్పడం. ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకోబెట్టి, మర్నాడు పగలు కూడా పరీక్షించాలి. అది తేలేదాకా కారు తాళాలు ఇవ్వకండి" అన్నారు. తండ్రి గోడవైపు తిరిగి నిలబడిపోయాడు.

పరీక్షలో అదే తేలింది. సమూలంగా పోయే వ్యాధి కాదది. కానీ మందులతో తన్మయి మళ్లీ చదువులో నిలదొక్కుకుంది, స్నేహితుల మధ్యకు వెళ్లింది. మొన్న వకుళ గారి అంత్యక్రియలకు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు నా డాక్టర్ ఎవరు ఆంటీ?" అని అడిగింది. నేనున్నానన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

నిన్న క్లినిక్‌కి మొదటిసారి వచ్చిన ఒక బాబును చూశాను. ఎప్పుడు పడుకుంటాడు, మధ్యలో లేస్తాడా, పగలు మగతగా ఉంటాడా, అన్నీ అడిగాను. అన్నిటికీ తల్లే జవాబు చెప్పింది. వాడు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. వాడి నోరు విప్పించే మాట ఏదో ఒకటి ఉండే ఉంటుంది. వకుళ గారికి అది తట్టేది. నాకు తట్టలేదు. ఆ మహనీయురాలికి కన్నీటితో అంజలి ఘటిస్తున్నాను. ఆ బాబు వచ్చే వారం మళ్లీ వస్తాడు.