తూర్పు వంక దారి

డెంకణికోట అడవిని ఆనుకుని ఉన్న ఆ పల్లెలో కాళమ్మకు నమ్మకం కుదిరిన మనిషి లేడు. సంతలో తక్కెడను నమ్మదు, సూది వేసే నర్సును నమ్మదు. ఇక అడవి గార్డు సంగతి చెప్పనక్కర్లేదు. రిజర్వు అడవిలో మేస్తున్నాయని, మొగుడు బతికున్న రోజుల్లో వాళ్ల కాడెద్దులను తోలుకుపోయారు. అయినా ఆమె మూడు ఆవులు ఆ అడవిలోని తూర్పు వంకలో, వాగు గట్ల మీద, దొంగచాటుగా మేసేవి. ఆ పాలే ముసలిదాని కూడు.

పంతొమ్మిది వందల ఎనభై మూడులో హోసూరు నుంచి వసంతలక్ష్మి అనే టీచరు వచ్చింది. వారానికోసారి బళ్లో బొమ్మలు చూపి, ఏనుగుల దారికి అడ్డం పోకుండా బతకడం ఎలాగో చెప్పేది. ఏనుగులు నీళ్లకు ఎటు దిగుతాయని ఒకరోజు పెద్దలను అడిగింది. కాళమ్మకు అనుమానం వచ్చింది. ఈరోజు బొమ్మలు, రేపు ఏనుగుల కోసమని వంకలోకి గార్డు. ఈ నవ్వుమొహాన్ని పంపింది ఫారెస్టువాళ్లు కాదని ఏమిటి నమ్మకం? పడమటి గుట్ట వైపు చెయ్యి చూపింది. తూర్పు వంకలో ఏనుగు అడుగే పడదంది. తమ గొడ్లూ అక్కడే మేస్తాయి కాబట్టి మిగతావాళ్లు నోరు మెదపలేదు. పిల్లలకూ అదే మాట నూరిపోశారు.

మరుసటి నెల, పెద్దలంతా కలుపుకు పోయిన ఓ ఉదయం, టీచరు పిట్టలను చూపిస్తానని పిల్లలను తూర్పు వంకకు తీసుకుపోయింది. బళ్లో వండే అంగాళమ్మ ఆ మాట చెప్పగానే కాళమ్మ పరుగెత్తింది. సగం దారిలో పాడు అనుమానం మళ్లీ పట్టుకుంది. తనను వంక దాకా రప్పించి ఆవులను పట్టుకునే ఎత్తేమో. అక్కడే ఓ బండ మీద కూలబడింది. కాసేపటికి దారి పక్కన ఇంకా ఆవిర్లు పోతున్న ఏనుగు లద్దె కంటబడింది. దాంతో లేచి మళ్లీ పరుగు తీసింది.

వంక మలుపులో వాళ్లను అందుకుని టీచరు చెయ్యి పట్టుకుంది.

"అబద్ధం చెప్పినాను తల్లీ. ఏనుగులు ఈడికే వస్తాయి. ఈడ మేసే ఆవులు నావి, వాటికోసరం చెప్పినాను."

వసంతలక్ష్మి వెంటనే పిల్లలను వెనక్కి తిప్పింది. వెనక వెదుర్లు విరుగుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. ఊరు చేరాక టీచరు ఒక్కటే అంది.

"నేను నిన్ను ఆవుల గురించి అడగనే లేదు కదమ్మా."

గార్డు రాలేదు. రేపో మాపో వస్తాడని కాళమ్మ చచ్చేదాకా అనుకుంటూనే ఉంది. అడవికి పోయే ప్రతిసారీ టీచరు ఆమెనే దారి అడిగేది, ఆమె నిజమే చెప్పేది. పరుగున పోయి పిల్లలను కాపాడిందని ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పు ఆమెకు మింగుడుపడేది కాదు. పిల్లలు ఏనుగులకు ఎదురు నడుస్తుంటే, తాను బండ మీద కూర్చుని ఆవుల గురించి ఆలోచించింది.